ఒడ్డు, నడుమ, లోతు

మీ జట్టులో ఎవరు ఎవరి పేరు పలకరో మీకు తెలుసా?

తెలుసని తొందరపడి చెప్పకండి. నేనూ అలాగే చెప్పేదాన్ని. ఆరుగురు పిల్లలు, ఆరు పేర్లు, అన్నీ హాజరుపట్టీలో ఉన్నాయి, ఇంక తెలియకపోవడానికి ఏముంది అనుకునేదాన్ని. నా ఆ తెలివి ఒక పిల్ల చదువుకే ముప్పు తెచ్చింది. ఆడపిల్లల కాలేజీల్లో డ్రిల్లు టీచర్లుగా కొత్తగా చేరిన మీకోసం ఆ సంగతి రాస్తున్నాను. బదిలీలు, తనిఖీలు, ప్రమోషన్లు ఇందులో ఉండవు. అవి ఎవరికైనా ఒకలాగే జరుగుతాయి. తప్పులే ఎవరివి వారివి.

నేను పనిచేసింది బరంపురంలో. గంజాం జిల్లా ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజులవి. ఆడపిల్లల హైస్కూలు మీద రెండు ఇంటర్మీడియెట్ తరగతులు కట్టి, బోర్డు మీద కాలేజీ అని రాయించారు. దాని వెనక ఇసుక నేల, నేల అంచున సరుగుడు చెట్లు. అదే మా బాస్కెట్ బాల్ కోర్టు. ఊళ్ళో వాళ్ళు దాన్ని బుట్టబంతి అనేవారు. నన్ను డ్రిల్లమ్మ అనేవారు.

రిటైరయ్యాక ఆ కోర్టు నాకు తెల్లవారుజామున కనిపిస్తూ ఉంటుంది. నిద్రా కాదు, మెలకువా కాదు. సరుగుడు చెట్ల మధ్య మంచు పాలమీగడలా కట్టి ఉంటుంది. బంతి పైకి లేస్తుంది. ఎవరు విసిరారో కనబడదు. మంచులోకి వెళ్ళి అక్కడే ఆగిపోతుంది. కింద ఆరుగురు పిల్లలు తలలెత్తి చూస్తుంటారు. ఎవరూ ఎవరినీ పిలవరు.

నేను కలలకు అర్థాలు వెతికే మనిషిని కాను. ఆవు మేత నెమరేసినట్టు మెదడు పాత సంగతులు నెమరేస్తుంది, అంతే. అందులో దేవుడూ లేడు, శకునమూ లేదు. అయినా ఆ కల వచ్చిన రోజు నేను తొందరగా కళ్ళు తెరవను.

బుట్టకు వల

ఆ రోజుల్లో ఆడవాళ్ళ బాస్కెట్ బాల్ ఇప్పటిలా ఉండేది కాదు. కోర్టును రెండు గీతలతో మూడు భాగాలు చేసేవారు. ఒక్కో భాగంలో జట్టుకు ఇద్దరు. ఎవరి భాగంలో వాళ్ళే ఆడాలి, గీత దాటకూడదు. బంతిని ఒక్కసారికి మించి నేలకు కొట్టకూడదు. మూడు లెక్కపెట్టేలోగా వదిలెయ్యాలి. ఆడదాని గుండె పెద్ద పరుగుకు తట్టుకోదని ఈ నిబంధనలు రాసినవాళ్ళు నమ్మారట. నెత్తిన చేపల బుట్టతో సముద్రపు ఒడ్డున ఉన్న సోనేపూర్ నుంచి నడిచొచ్చే ఆడవాళ్ళను వాళ్ళు చూసి ఉండరు.

కానీ ఆ పిచ్చి నిబంధనల అడుగున ఒక మంచి సంగతి ఉంది. అందులో ఎవరూ ఒంటరిగా బంతిని బుట్ట దాకా తీసుకుపోలేరు. వెనక ఇద్దరు నడుమ ఇద్దరికి ఇవ్వాలి, నడుమ ఇద్దరు ముందు ఇద్దరికి ఇవ్వాలి. ముందున్న పిల్ల ప్రత్యర్థి వెనక నక్కి ఉంటుంది, ఒక్కోసారి వీపు తిరిగి ఉంటుంది. ఆమెకు బంతి వస్తోందని తెలియాలంటే పిలవాలి. ఆట మొత్తం పిలుపు మీద నడుస్తుంది.

మా పిల్లలకు పిలవడమే రాదు. ఆడపిల్ల గొంతు గడప దాటకూడదని పుట్టిన దగ్గర్నుంచీ విన్నవాళ్ళు. మొదటి ఏడాది నేను నేర్పింది ఆట కాదు, అరుపు. ఒక్కొక్కరినీ సరుగుడు చెట్ల దగ్గర నిలబెట్టి, నేను ఇటు చివర నిలబడి, వినబడేదాకా అరిపించేదాన్ని. ఒక పిల్ల అరిచి, అది తన గొంతేనా అని వెనక్కి తిరిగి చూసుకుంది.

అరుపు నేర్పక్కర్లేని పిల్ల ఒక్కతే ఉండేది. రాజమ్మ. సోనేపూర్ పిల్ల, మా హాస్టల్లో ఉండేది. తండ్రి సముద్రం మీద చేపల వేటకు వెళ్తాడు, తల్లి చేపలు అమ్ముతుంది. ఆ ఊరి నుంచి కాలేజీ మెట్టు ఎక్కిన మొదటి పిల్ల ఆమే, నాకు తెలిసినంతలో. తాటిచెట్టంత పొడుగు. ముందు భాగంలో ఆడేది. మా బుట్టకు ఇనుప రింగు బజారు కమ్మరి చేసిచ్చాడు గానీ, దాని కింది వల ఎక్కడా దొరకలేదు. రాజమ్మ తండ్రి అల్లి పంపాడు. ఎంత బిగువుగా అల్లాడంటే, మొదటి రోజు అందులో పడ్డ బంతి కిందికి రాలేదు.

అందరం తలలెత్తి చూస్తూ నిలబడ్డాం. రాజమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని అంది: "మా అయ్యకి సేపల్ని పట్టడమే గానీ ఒదలడం తెల్దమ్మగారూ."

అందరికంటే ఎక్కువ నవ్వింది కామేశ్వరి. గేట్ బజారులో బట్టల వర్తకుల కోడలు. పదిహేడేళ్ళుంటాయి. భర్త మద్రాసులో చదువుతూ, చదువుకున్న భార్య కావాలని పట్టుబట్టినందువల్ల ఆమెకు కాలేజీ దక్కింది. చదువంటే ప్రాణం. పొట్టి మనిషి, గట్టి చూపు. బంతి చేతికి రాకముందే అది ఎక్కడికి వెళ్ళాలో ఆమెకు తెలిసిపోయేది. నడుమ భాగం ఆమెకిచ్చాను.

పేర్ల చట్టం

నేను వాదాల మధ్య పెరిగాను. మా నాన్నగారి వరండాలో ఆదివారం సభలు జరిగేవి. శ్రాద్ధాలు, శకునాలు, జాతకాలు, కులాలు, ఒక్కొక్క ఆదివారం ఒక్కొక్కటి కూల్చేవాళ్ళం. ఆ సభకు ఒక కట్టడి ఉండేది. సభలో అన్న మాట తప్పని తేలితే సభలోనే వెనక్కి తీసుకోవాలి. వీధిలోనో పెరట్లోనో చెవిలో చెబితే చెల్లదు. నేను పన్నెండేళ్ళకే ఆ వరండాలో ఇద్దరు ప్లీడర్లను నోరుమూయించాను. నా జబ్బు అక్కడే మొదలైందని ఇప్పుడనిపిస్తుంది.

కోర్టులో పిల్లలు ఒకరినొకరు ఎలా పిలుచుకునేవారో విన్నాను. పొడుగూ, బుడ్డీ, వదినా. ఒడియా పిల్లలైతే తమకంటే పెద్దదాన్ని 'నానీ' అంటారు, అక్కా అని. రాజమ్మను మాత్రం కామేశ్వరి "ఒలే సముద్రం" అనేది. నా ఒళ్ళు మండింది. చేపలవాళ్ళ పిల్లను ఊరి పేరు పెట్టి, వృత్తి పేరు పెట్టి, వాసన పేరు పెట్టి పిలవడం నేను బజారులో చాలా చూశాను. ఇదీ అదేననుకున్నాను.

మర్నాడు చట్టం చేశాను. "నా కోర్టులో మారుపేర్లు లేవు, వరసలు లేవు. ప్రతి మనిషికీ ఒక పేరుంది. ఆ పేరుతోనే పిలవాలి. తప్పినవాళ్ళు ఆ పూట బయట నిలబడాలి." ఎంత గర్వపడ్డానో చెప్పలేను. ఒక్క గీతతో కులాన్నీ వయసునీ చుట్టరికాన్నీ కోర్టు బయట పెట్టేశాననుకున్నాను.

ఆ తర్వాత మేము ఓడడం మొదలుపెట్టాం.

చూస్తే కారణం స్పష్టంగానే ఉంది. కామేశ్వరి బంతిని రాజమ్మకు ఇవ్వడం లేదు. ముందు భాగంలో ఆడే రెండో పిల్ల కుంతల, ఒడియా అమ్మాయి, ఆమెకే ఇస్తోంది. వాల్తేరు నుంచి వచ్చిన జట్టు దాన్ని పావుగంటలో కనిపెట్టి తమ వెనక భాగం పిల్లలిద్దరినీ కుంతల మీద నిలిపింది. మా రాజమ్మ ఖాళీగా, రెండు చేతులూ పైకెత్తి, దీపం లేని దీపస్తంభంలా నిలబడింది.

నేను చూసినవి ఇంకా ఉన్నాయి. చూసి వదిలేసినవి. రాజమ్మ ఎదురుగా ఉండి కళ్ళు కలిస్తే కామేశ్వరి బంతి ఇచ్చేది. వీపు తిరిగి ఉంటేనే ఇవ్వదు. రాబోయే పోటీ రాజమండ్రి జట్టుతో. మిగతా పిల్లలందరూ రాజమండ్రి అంటే కామేశ్వరి "గోదారోళ్ళు" అనేది. చికిటి రాజాగారి కోట అనాల్సిన చోట చికిటి కోట అనేది. చరిత్ర టీచరు ఒకసారి నాతో వాపోయింది: "ఆ పిల్ల పరీక్షలో రాజుల పేర్లన్నీ తప్పు లేకుండా రాస్తుంది. లేచి చెప్పమంటే మూగదైపోతుంది." ఇన్ని సాక్ష్యాలు నా ముందు ఉన్నాయి. నేను తీర్పు ముందే రాసుకున్నాను కాబట్టి సాక్ష్యాలు అడ్డమనిపించాయి.

నా ఉపన్యాసం

ఓడిన మర్నాడు ఆరుగురినీ కోర్టులో నిలబెట్టాను. మబ్బు పట్టిన పొద్దు. చెట్లు కూడా వింటున్నట్టు గాలి లేదు. కామేశ్వరి చేతికి బంతి ఇచ్చి నడుమ గీత మీద నిలబడమన్నాను. రాజమ్మను ముందు భాగంలో వీపు తిప్పి నిలబెట్టాను.

"పేరు పెట్టి పిలిచి బంతి ఇవ్వు" అన్నాను.

కామేశ్వరి పిలవలేదు.

"ఆమె పేరేమిటి?"

కామేశ్వరి బంతిని అరచేతుల మధ్య తిప్పింది.

"నీతో ఆడే మనిషి పేరు చెబితే నీ నోరు మైలపడుతుందా? ఆమె ముట్టుకున్న బంతి ముట్టుకోవచ్చు గానీ పేరు పలకకూడదా? మీ బజారులో ఇదే నేర్పారా?"

రాజమ్మ ఇటు తిరిగింది. "అమ్మగారూ, అది కాదండి..."

"నువ్వు ఊరుకో. నీ తరఫునే మాట్లాడుతున్నాను."

ఆ తర్వాత కులం మీద పావుగంట మాట్లాడాను. మంచి ఉపన్యాసం. మా నాన్నగారి వరండాలో అయితే చప్పట్లు మోగేవి. కామేశ్వరి చివరిదాకా విన్నది. తర్వాత వంగి బంతిని గీత మీద పెట్టింది. అది దొర్లకుండా చెయ్యి అడ్డం పెట్టి, నిలిచాక చెయ్యి తీసి, లేచి వెళ్ళిపోయింది.

మూడు రోజులు రాలేదు. ఆటకే కాదు, కాలేజీకే.

నాలుగో రోజు రాజమ్మ నా గది గుమ్మంలో నిలబడింది.

"అమ్మగారూ, ఆ పిల్ల పెనిమిటి పేరేటో మీకు తెల్సా?"

"నాకెందుకు?"

"రాజలింగం."

నేను కలం కింద పెట్టాను.

"మొగుడి పేరు, ఆ పేరులో ముక్కా, ఏదీ పలకరు గదా ఆల్లు. నన్ను సముద్రం అనీది. నాకు ఇష్టంగానే ఉండీది. మీరు మానిపించీసినారు. మరింక ఏటని పిలుస్తాది? ఓసి అంటే బయట నిలబెడతారు. కళ్ళు కలిస్తే ఇచ్చీది, లేపోతే నేదు."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు నువ్వు?"

రాజమ్మ నా వైపు జాలిగా చూసింది. "సెప్పబోతే, నీ తరఫునే మాట్లాడతన్నాను ఊరుకో అన్నారు గదా."

ఆ రోజు మా ప్రిన్సిపాలు గారికి జరిగింది చెప్పుకున్నాను. మద్రాసు నుంచి వచ్చిన ఆవిడ, నవ్వడం తక్కువ. అంతా విని ఒక్క మాట అన్నారు. "మీరు ఇక్కడికి ఆట నేర్పడానికి వచ్చారా, సభ గెలవడానికి వచ్చారా? ఆ పిల్ల వెనక్కి వచ్చాక జవాబు చెప్పండి." నా పైవాళ్ళు నాకు చాలా ఉత్తర్వులు ఇచ్చారు. పనికొచ్చింది ఇదొక్కటే.

గేట్ బజారులో

ముందు బట్టల కొట్టు, వెనక ఇల్లు. కొట్టు పక్క సందులోంచి లోపలికి వెళ్ళాను. కొత్త బట్ట గంజి వాసన, చీకటి, ఎక్కడో పైకప్పు సందులోంచి నిలువుగా దిగిన ఎండ. కామేశ్వరి అత్తగారు చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"రండి డ్రిల్లమ్మగారూ. కూకోండి. మా కోడలి నోట మావోడి పేరు పలికించాలని పంతం పట్టినారట."

"నాకు తెలియక జరిగిందండీ."

"తెలిస్తే పలికించకపోదురా?"

తెలిసి ఉంటే ఇంకా గట్టిగా పలికించేదాన్ని. ఆవిడ అది నా ముఖంలో చదివేసింది.

"నాను ఈ ఇంటికి ఒచ్చి ముప్పై ఏళ్ళు. మా ఇంటాయనది నీళ్ళ పేరు. కాశీలో పారతాదే, అది." గింజ తీసిన వేలితో మూల చూపించింది. అక్కడ పెద్ద ఇత్తడి పాత్ర ఉంది. "దాన్ని ఊరంతా ఏటంటారో మీకు తెల్సు. నాను పెద్దబాన అంటాను."

"గంగాళమా?"

"మీరనొచ్చు. మీ ఆయన కాడు గదా."

నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు గానీ గింజలు తీయడం కాస్త నెమ్మదించింది.

"సదువుకోమనండి, ఆడుకోమనండి. మావోడు రాసినాడు, నాను కాదనను. ఆ పేరు మాత్రం దాని నోట రాకూడదు. ఒచ్చిన రోజు పుస్తకాలు అటకెక్కుతాయి. ఇది మీతో సెప్పీసినాను, మళ్ళీ సెప్పను."

మజ్జిగ తేవడానికి ఆవిడ లోపలికి వెళ్ళింది. తలుపు వెనక నుంచి కామేశ్వరి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. గొంతు మాత్రం కోర్టులో ఉన్నట్టే ఉంది.

"ఆ పేరంటే నాకు భయం లేదమ్మగారూ. వారం వారం కవరు మీద రాస్తాను. మీరు పలకమన్నారని మాత్రం పలకను."

"నిన్ను పలకమనను. రా."

"నన్ను ఏ గీత మీద నిలబెట్టి అన్నారో, అక్కడే నిలబడి తప్పని సెప్పండి. అందరూ ఉండాలి. రా..." నాలుక కరుచుకుంది. "సముద్రం ఉండాలి."

సభలో అన్న మాట సభలోనే. మా నాన్నగారి కట్టడిని ఈ పిల్ల ఎక్కడ నేర్చుకుంది?

మర్నాడు ఆ గీత మీద నిలబడ్డాను. ఉపన్యాసానికి పావుగంట పట్టింది, క్షమాపణకు నాలుగు మాటలు చాలాయి. అవి నోట్లోంచి రావడానికి పట్టినంతసేపు ఏ ఉపన్యాసానికీ పట్టలేదు. కామేశ్వరి వంగి, బంతి తీసుకుంది.

సోనేపూర్ రేవు

మరి పిలుపు సంగతేమిటి? సముద్రం అని పిలుచుకోమన్నాను. ఈసారి రాజమ్మే అడ్డం తిరిగింది.

"పేర్లెందుకమ్మగారూ? వల లాగినప్పుడు మాలో ఎవులూ పేరెట్టి పిలవరు. సోటు పిలుస్తారు."

చోటు పిలవడం అంటే ఏమిటో చూడాలని ఒక సెలవునాడు ఆరుగురినీ బండి మీద తీసుకువెళ్ళాను. మేము చేరేసరికి ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. బాహుదా ఏరు సముద్రంలో కలిసేచోట నీరు రెండు రంగులుగా ఉంది, ఆ రెంటికీ మధ్య గీత కదులుతూ ఉంది. ఎవరూ గీయని గీత, ఎవరూ దాటొద్దనని గీత. మంచులోంచి మనుషులు సగం సగం కనబడుతున్నారు. రెండు పొడుగు తాళ్ళు నీళ్ళలోంచి ఒడ్డుకు వచ్చాయి, వాటిని పట్టుకుని రెండు వరసల జనం వెనక్కి నడుస్తున్నారు. ముఖాలు లేవు. గొంతులే ఉన్నాయి. "ఒడ్డూ..." అని ఒక గొంతు లేస్తే ఇటువాళ్ళు బిగించారు. "లోతు దచ్చినం" అంటే నడుముల్లోతు నీళ్ళలో ఉన్నవాళ్ళు దక్షిణానికి జరిగారు. ఆ పెద్ద వల ఒక్క చెయ్యి లాగినట్టు వచ్చింది.

రాజమ్మ తండ్రిని అడిగాను. "పేర్లు ఎందుకు పిలవరు? గంగమ్మతల్లికి కోపమా?" నిజం చెబుతున్నాను, ఒక మూఢనమ్మకం దొరుకుతుందనే ఆశతోనే అడిగాను.

ఆయన తల గుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. "కోపమేటమ్మా? పేరు పిలిస్తే ఆడొక్కడే ఇంటాడు. సోటు పిలిస్తే ఆ సోట్లో ఉన్నోల్లందరూ ఇంటారు. ఆడు మునిగిపోనాడనుకో, ఆ సోట్లోకి ఇంకోడొస్తాడు."

మా నాన్నగారి వరండాలో అంత పొట్టి వాదం నేను వినలేదు.

మర్నాటి నుంచి మా కోర్టులో మూడు భాగాలకు మూడు పేర్లు. మా బుట్ట వైపు ఒడ్డు, తర్వాత నడుమ, వాళ్ళ బుట్ట వైపు లోతు. సరుగుడు చెట్ల వైపు ఉత్తరం, కాలేజీ వైపు దచ్చినం. ఈ ఐదు మాటలతో ఆడాం. మొదటి వారం బంతి ఖాళీ చోట్లలో పడి దొర్లింది. రెండో వారానికి ఒక వింత జరిగింది. ఇదివరకు పిల్లలు బంతి వచ్చేదాకా నిలబడి ఉండేవారు, తమను పిలిస్తేనే కదిలేవారు. ఇప్పుడు పిలుపు చోటుకి కాబట్టి, ఎవరికి దగ్గరైతే వాళ్ళు ఆ చోటుకి పరుగెత్తుతున్నారు. బంతి, మనిషి ఒకేసారి చేరుతున్నారు. ప్రత్యర్థి మనిషిని కాస్తుంది గానీ ఖాళీ చోటును కాయలేదు. నా మొత్తం ఉద్యోగంలో నేను చూసిన మంచి ఎత్తు ఇదే. నేను కనిపెట్టలేదు.

గోదారోళ్ళతో ఆట

రాజమండ్రి జట్టు రైల్లో వచ్చింది. కాళ్ళకు బూట్లు. మావాళ్ళు వట్టి కాళ్ళు. ప్రేక్షకులు ఆడవాళ్ళు మాత్రమే అని ప్రిన్సిపాలు గారు గేటు దగ్గర కాపలా పెట్టారు. కామేశ్వరి అత్తగారు గుర్రబ్బండిలో వచ్చి, ముందు వరసలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఏమి కాయడానికి వచ్చిందో నాకు తెలుసు. కామేశ్వరికీ తెలుసు.

సాయంత్రపు గాలి సముద్రం వైపు నుంచి మెల్లగా వస్తోంది. ఎండ పసుపు నీళ్ళలా పలచబడింది. మా పిల్లలు ఆడిన తీరు ఇప్పుడు తలుచుకుంటే ఆటలా ఉండదు, అలలా ఉంటుంది. ఒడ్డు ఉత్తరం. నడుమ. లోతు దచ్చినం. బంతి ఎవరి చేతుల్లోనూ ఉన్నట్టుండదు. రాజమండ్రి పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. చివరి నిమిషాలకు ఒక్క బుట్ట తేడా మిగిలింది, వాళ్ళదే పైచెయ్యి.

అప్పుడు వచ్చారు సోనేపూర్ ఆడవాళ్ళు. చేపలు అమ్ముకుని, ఖాళీ బుట్టలతో, రాజమ్మ తల్లి ముందు నడవగా పదిమంది. గీత పక్కనే నిలబడ్డారు. కాసేపు విన్నారు. తమ మాటలే! ఇంకేముంది, వాళ్ళూ అందుకున్నారు.

"లోతు! లోతు ఉత్తరం లాగండే!"

"ఉత్తరం కాదే, దచ్చినం! కళ్ళు నేవేటే?"

నలువైపుల నుంచీ ఒడ్డు, లోతు, ఉత్తరం. మా పిల్లలకు తమ గొంతు ఏదో, జనం గొంతు ఏదో తెలియలేదు. కుంతల ఉత్తరానికి పరుగెత్తింది, ఇద్దరు ప్రత్యర్థులు ఆమె వెంట పోయారు. రాజమ్మ దచ్చినంలో ఒంటరిగా, వీపు తిరిగి, కుంతల వైపు చూస్తూ నిలబడింది. నడుమ కామేశ్వరి చేతిలో బంతి. ఒకటి. రెండు.

కామేశ్వరి పిలిచింది.

"రాజమ్మా."

గట్టిగా కాదు. కొత్త అక్షరం కూడబలుక్కున్నట్టు. నేను నేర్పిన అరుపులన్నిటికంటే అది దూరం వినబడింది. బంతి లేచింది. ఎండలోకి వెళ్ళి ఒక్క క్షణం అక్కడ ఆగినట్టే అనిపించింది నాకు. రాజమ్మ తిరిగింది. బంతిని చూడలేదు. కామేశ్వరిని చూసింది. నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. బంతి ఆమె వేళ్ళను తాకి, గీత దాటి, దొర్లుకుంటూ పోయింది. ఆట ముగిసిన ఈల మోగింది. ఓడిపోయాం.

నేను ఎన్నాళ్ళు పలికించాలని చూసిన మాట అది! పలికింది, ఆట పోయింది.

"పట్టుకోలేదేటే?" అంది కామేశ్వరి.

"నీ నోట నా పేరు ఇంటే సేతులు ఆడ్నేదే. ఇంకోపాలి పిలు, పట్టుకుంటాను."

ఇద్దరూ అక్కడే ఇసుకలో కూలబడి, నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియకుండా ఉండిపోయారు.

అత్తగారు కుర్చీలోంచి లేచింది. నా వైపే వస్తోంది. అటకెక్కబోయే పుస్తకాలు నా కళ్ళకు కట్టాయి. ఆచారాల మీద నాకు తెలిసిన వాదాలన్నీ గొంతులోకి వచ్చి నిలబడ్డాయి.

"డ్రిల్లమ్మగారూ, ఆ పొడుగు గుంట బంతెందుకు ఒదిలీసింది?"

నేను మెడలో ఈల సర్దుకున్నాను.

"మా కోడలు ఏటో పిలిసినట్టుంది. ఈ సేపలోళ్ళ గోలలో నాకేటీ ఇనబళ్ళేదు." ఆవిడ నా కళ్ళలోకి చూసింది. "మీకేటైనా ఇనబడిందా?"

పన్నెండేళ్ళకే ప్లీడర్ల నోరుమూయించిన నేను, నిజం కోసం అయినవాళ్ళతోనే తగువులాడిన నేను, అన్నాను: "లేదండీ."

"ఆఁ. మరింకేటి. సోమారం కాలేజీ ఉందా?"

"ఉందండీ."

"అయితే ఒస్తాది."

కామేశ్వరి రెండేళ్ళూ పూర్తిచేసింది. తర్వాత ఆమే టీచరైంది. ఆ ఇంట్లో గంగాళం మాత్రం చివరిదాకా పెద్దబానగానే ఉండిపోయిందట.

ఇప్పుడు మీరు

నేను మెత్తబడ్డానని అనుకోకండి. పేరు పలికితే భర్త ఆయుష్షు తగ్గుతుందన్నది పచ్చి అబద్ధం. భార్య పేరు ఆయన రోజుకు వందసార్లు అరుస్తాడు, ఆమె ఆయుష్షు సంగతి ఎవరూ అడగరు. ఆ ఆచారం పోవాలి. పోయేదాకా నేను దాని మీద రాస్తూనే ఉంటాను. నా కోపం తప్పు కాదు, అది పడిన చోటు తప్పు. ఆచారం మీద పడాల్సింది పదిహేడేళ్ళ పిల్ల మీద పడింది. పైగా, ఏ పిల్ల కోసం మాట్లాడుతున్నానో ఆ పిల్లనే ఊరుకోమన్నాను. నా వృత్తిలో ఇంతకంటే పెద్ద తప్పు నేను చేయలేదు. మీరు చేసే అవకాశం చాలా ఉంది, ఎందుకంటే మీరూ చదువుకున్నవాళ్ళే.

అందుకని రేపు పొద్దున్న ఒక పని చేయండి. ఈల మెడలోంచి తీసి బల్ల మీద పెట్టి, కోర్టు పక్కన ఇసుకలో కూర్చోండి. గంటసేపు నోరు విప్పకుండా వినండి. ఎవరి పేరు ఎవరి నోట రాలేదో పట్టుకోండి. కారణం మీరు ఊహించకండి. ఆ పిల్లను పక్కకు పిలిచి అడగండి. పక్కనున్న పిల్ల "అది కాదండి" అంటే, ఆమెను మొత్తం చెప్పనివ్వండి.